కాటా గదిలో నెమ్మదించిన కంప్యూటర్

తెలిసినవాళ్ళలో ఎవరి కంప్యూటర్ నెమ్మదించినా ఇప్పటికీ నాకే ఫోను చేస్తారు. ఉద్యోగం వదిలేశాను గాని ఈ బాధ్యత మాత్రం నన్ను వదల్లేదు. చేసినవాళ్ళందరూ ఒకే మాట అంటారు, "పాతబడిపోయిందండీ, మార్చేయాలేమో" అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాతబడటమంటే ఏమిటి? మోకాళ్ళు అరిగాయా, చూపు మందగించిందా? ఆ రోజుల పెట్టె లోపల కదిలేవి రెండే రెండు, ఫ్యాను, డిస్కు. మిగతావన్నీ కొన్న రోజున రెండూ రెండూ ఎంత వేగంగా కలిపాయో, పదేళ్ళ తరవాతా అంతే వేగంగా కలుపుతాయి.

మారేది మనం దాని నెత్తిన పెట్టిన బరువు. డిస్కులో చెయ్యి పెట్టడానికి చోటుండదు. ఆన్ చెయ్యగానే పిలవకపోయినా లేచి కూర్చునే ప్రోగ్రాములు ఓ పదిహేను. ఒకదాన్నొకటి అనుమానించుకునే యాంటీ వైరస్‌లు రెండు. ఏ ఫైలు ముక్కలు ఎక్కడెక్కడ పడున్నాయో ఏరుకోవడానికి డిస్కు పడే అవస్థ ఒకటి. ఇవన్నీ శుభ్రం చేసి, జ్ఞాపకశక్తి చాలకపోతే ఇంకో ర్యామ్ ముక్క తగిలిస్తే సగం జబ్బు పోతుంది.

మిగతా సగం ఎక్కడుంటుందో నేను ఓ లారీ కాటా గదిలో నేర్చుకున్నాను. నేర్చుకునేలోపు ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి రిపోర్టులు రాస్తున్న పిల్లలు ఇది చదివితే మంచిది. చదవకపోయినా నాకు పోయేదేమీ లేదు, వాళ్ళ రిపోర్టుల కింద సంతకాలు వాళ్ళవే.

మాది రేవుకి వచ్చిన సరుకుని దింపించి, యార్డుల్లో పోయించి, లారీలకెత్తించి పంపే ప్రైవేటు సంస్థ. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు. తొంభైల మధ్యలో కంప్యూటర్స్‌లో పీజీ పూర్తిచేసి నేను చేరేటప్పటికి ఆఫీసు మొత్తానికి ఉన్నది ఒకటే కంప్యూటర్. దానికో ఏసీ గది, ఆ గది ముందు చెప్పులు విడవడానికో చెక్క అర. మా పెద్ద మేనేజరు కూడా బూట్లు విప్పి, చిరుగుపడ్డ మేజోళ్ళతో లోపలికొచ్చేవారు. దసరాకి దాని నుదుట బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. నీళ్ళు మీద పడకుండా దూరంగా కొట్టించే బాధ్యత నాది.

పదేళ్ళు గడిచేసరికి ఆ దేవుడు ఏసీ గదిలోంచి బయటికొచ్చి గేటు దగ్గర కూలిపనిలో కుదురుకున్నాడు. రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకి యార్డు గేటు పక్కనే ఉన్న కాటాకి కంప్యూటర్ తగిలించాం. ఖాళీ లారీ ఎక్కితే ఒక తూకం, సరుకుతో తిరిగొస్తే ఇంకో తూకం, రెండో తూకం అవగానే స్లిప్పు. స్లిప్పు చేతికొస్తేనే లారీ గేటు దాటుతుంది. ప్రోగ్రాము నేనే రాశాను. ఆ సంగతి అప్పట్లో అందరికీ చెప్పుకునేదాన్ని.

కాటా ఆపరేటర్‌కి నలభై ఏళ్ళుంటాయి. భీమిలి దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం వాళ్ళది. అన్నగారికి మరబోటు ఉంది. ఈయన మాత్రం చదువుకుని, ఓడ పక్కన నిలబడి బస్తాలు లెక్కరాసే గుమాస్తాగా మా దగ్గర చేరి, కంప్యూటర్ వచ్చాక నా దగ్గరే మూడు వారాలు నేర్చుకున్నాడు. రెండు వేళ్ళతో కొట్టేవాడు. ఆ రెండు వేళ్ళ మీద నేను వేసిన జోకులకి ట్రైనింగు గదిలో మిగతావాళ్ళు నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. రెండు వేళ్ళతోనే తప్పు లేకుండా కొట్టేవాడన్న సంగతి జోకులో ఇమడదు కనక నేను చెప్పలేదు.

ఆ కాటా గది గురించి ఒక్క ముక్క చెప్పాలి. రేకుల కప్పు, పది అడుగుల గది, ఒక టేబుల్ ఫ్యాను. బయట ఓ పక్క బొగ్గు గుట్టలు, ఓ పక్క ఖనిజం గుట్టలు. గాలి ఇటు తిరిగితే కాలరు నలుపు, అటు తిరిగితే ఎరుపు. ఆ దుమ్ములో యంత్రం బతకదని, పైగా మొదటి నెలలోనే ఎవరో మౌసు ఎత్తుకుపోయారని, అసలు పెట్టెని ఒక చెక్క బీరువాలో పెట్టించారు. తెర, కీబోర్డు పైన బల్ల మీద. పెట్టె కింద బీరువాలో, తలుపుకి తాళం, తాళంచెవి స్టోర్సులో. వైర్లు వచ్చే కన్నాలకి లప్పం కూడా పూశారు. ఆన్, ఆఫ్ అంతా గోడ మీద స్విచ్చితోనే. ఈ బీరువా ఆలోచన ఎవరిదో కాస్త ఆగి చెప్తాను.

రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో ఏడు ఎండలు ముదిరేసరికి గేటు దగ్గర లారీల వరస పెరగడం మొదలైంది. పొద్దున్న నిమిషంలో వచ్చే స్లిప్పుకి మధ్యాహ్నం ఐదు నిమిషాలు పడుతోంది. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ చకచకా వచ్చేస్తోంది. డ్రైవర్లు ఎండలో ఉడికిపోతూ, ముందు వెనక ఆలోచించి ఒక సిద్ధాంతం కట్టారు. ఆపరేటర్ కావాలనే నెమ్మది చేస్తున్నాడు, చెయ్యి తడిపినవాడికి సాయంత్రం వేగంగా ఇస్తున్నాడు అని. సాయంత్రం వచ్చినవాళ్ళు మేమేమీ ఇవ్వలేదని ఒట్టేస్తే, ఇచ్చినవాడు ఇచ్చానంటాడా అన్నారు. నా చదువులో తర్కశాస్త్రం ఒక పేపరుండేది. ఇంత పకడ్బందీ వాదన అందులోనూ చూడలేదు.

మాట మేనేజరు దాకా పోయింది. ఆయన నన్ను పిలిచి, యంత్రం బాగుందో లేదో చూసి రాసిమ్మన్నారు.

జీపులో వెళ్ళాను. స్టోర్సు పెద్దాయన బీరువా తాళం తీయించి పెట్టెని జీపెక్కిస్తుంటే ఆపరేటర్ నా పక్కన నిలబడి చెప్పుకొచ్చాడు. తను కుదురుగానే కొడుతున్నానని, పదకొండు దాటాక తెర మీద అక్షరం పడటానికే సేపు పడుతోందని, గుమ్మం దగ్గరికొచ్చి చూస్తే ఎవరికైనా తెలుస్తుందని.

"మా అన్న బోటు ఇంజినూ ఇంతే మేడమ్. నీళ్ళ పైపులో నాచు పట్టిందనుకోండి, ఇంజిను ఏడెక్కిపోతాది. ఏడెక్కితే ఇంక లాగలేదు. దీనికి కూడా లోపల ఊపిరాడ్డం నేదేమో, ఓపాలి సూడండి."

"ఇది బోటు కాదు, కంప్యూటర్. దీనికి నాచు పట్టదు," అన్నాను.

జీపు డ్రైవరు నవ్వాడు. నాకు ఎదటివాళ్ళు నవ్వితే చాలు, నేనన్నది నిజమైపోయినట్టే ఉండేది.

ఆఫీసుకి తెచ్చి నా ఏసీ గదిలో బల్ల మీద పెట్టి అరగంట నడిపాను. గుర్రంలా పరిగెత్తింది. వరసగా యాభై స్లిప్పులు తీశాను, ఒక్కటీ ఆగలేదు. పెట్టెని వెనక్కి పంపేసి, రిపోర్టు రెండు వాక్యాలు రాశాను. "యంత్రం సవ్యంగా ఉంది. ఆలస్యానికి కారణం యంత్రం కాదు."

మొదటి వాక్యం నేను చూసింది. రెండోది నన్నెవరూ అడగలేదు. కాని ఒక్క వాక్యంతో రిపోర్టు ముగిస్తే చదువుకున్నదానిలా ఉండదనిపించింది.

యంత్రం కాకపోతే ఇక మనిషే. రెండు రోజుల్లో ఆపరేటర్‌ని సస్పెండ్ చేసి, విచారణ వేశారు. లంచం కోసం ఉద్దేశపూర్వకంగా పని జాప్యం చెయ్యడం ఆరోపణ, రుజువైతే ఉద్యోగం పోతుంది. రుజువు పత్రాల్లో మొదటిది నా రిపోర్టు.

ఆయన స్థానంలో ఎవరు? కంప్యూటర్ నడపడం వచ్చిన మిగతా గుమాస్తాలు ఇద్దరూ ఓడల మీద ఉన్నారు. మీటింగులో నేను, నాకున్న మంచి అలవాటు కొద్దీ, ఆ పని నేను ఎడంచేత్తో చేస్తానన్నాను. మేనేజరు వెంటనే, అయితే రేపటినుంచే వెళ్ళమ్మా అన్నారు. ఇంట్లో చెప్తే మా ఆయన, నోటికి ఫలితం దక్కిందన్నమాట అన్నారు.

మద్దిలపాలెంలో ఏడింటికి బస్సెక్కి, ఎనిమిదికల్లా గేటు దగ్గర దిగాను. పొద్దున్నంతా పదివేళ్ళతో టకటకా కొట్టి, స్లిప్పులు కిటికీలోంచి ఇలా ఇచ్చి అలా పంపాను. చూశారా అని ఎవరితోనో అనాలనిపించింది గాని ఎవరూ లేరు. పదకొండున్నరకి తెర మీద కర్సరు మొరాయించింది. పన్నెండింటికి లారీ నంబరు నేను కొట్టి ముగించాక మొదటి అంకె పడింది. ఒంటిగంటకి వరస గేటు దాటి రోడ్డెక్కింది.

డ్రైవర్లు కిటికీ దగ్గరికొచ్చి అడగడం మొదలుపెట్టారు. మొదట మర్యాదగానే. రెండింటికి ఒకాయన తల దూర్చి, "ఏటి మేడమ్, ఇక్కడే కాపురం పెట్టీమంటారా?" అన్నాడు. వెనకనుంచి ఇంకొకాయన, "ఆ బావే నయంరా, రెండు వేళ్ళతోనైనా ఇచ్చీవోడు" అన్నాడు. నేను పది వేళ్ళూ కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఏం చెప్పను? యంత్రం సవ్యంగా ఉందని రాసింది నేనే. యంత్రం కాదంటే నేను లంచానికి కూర్చున్నట్టు.

ఆ మధ్యాహ్నమే నా రిపోర్టు తప్పని తెలిసిపోయింది. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. నేను ఒప్పుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఎందుకంటే నాకో గౌరవప్రదమైన దారి కనిపించింది. ఏదో సాఫ్ట్‌వేర్ చెత్త చేరుంటుంది, చడీచప్పుడు లేకుండా నేను శుభ్రం చేసేస్తాను, యంత్రం ఇప్పుడు సవ్యంగా ఉందని చెప్తాను, అంతా సద్దుమణుగుతుంది.

మర్నాడు గేటు తెరవకముందే వెళ్ళి పని పట్టాను. చెత్త నిజంగానే ఉంది. డిస్కులో రెండేళ్ళ పాత స్లిప్పుల నకళ్ళున్నాయి, బల్ల మీదికి తీసిన యూఎస్‌బీ తీగకి ఇంకో డిస్కు తగిలించి, వాటిని అందులోకి తీసి ఖాళీ చేశాను. తాత్కాలిక ఫైళ్ళు వేలల్లో ఉన్నాయి, తీసేశాను. రెండు యాంటీ వైరస్‌లలో ఒకదాన్ని ఇంటికి పంపాను. ఆన్ చెయ్యగానే లేచేవాటిలో కాటాకి పనికొచ్చేవి మూడే, మిగతావాటి నోళ్ళు మూయించాను. ముక్కలైన ఫైళ్ళని ఒకచోటికి చేర్చే పని పెట్టి చూస్తూ కూర్చున్నాను. యంత్రం ఆన్ అవడానికి పట్టే సమయం సగానికి పడిపోయింది. ఇవన్నీ మంచి పనులే, మీరూ చెయ్యండి, నేనేమీ వద్దనడం లేదు. నేను గర్వంగా ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకున్నాను.

పదకొండున్నరకి కర్సరు మళ్ళీ మొరాయించింది.

మూడోరోజు అదే తీగకి సీడీ డ్రైవు తగిలించి విండోస్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాను. పన్నెండింటికి అదే తంతు. బయట హారన్లు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే దుమ్మే కారణమని ఇప్పటికీ వాదించగలను.

రెండింటికి కరెంటు పోయింది. ముప్పావుగంట రాలేదు. కాటా ఆగిపోయింది కనక డ్రైవర్లు లారీల కింద నీడకి చేరారు, నేను గుమ్మంలో స్టూలేసుకుని కూర్చున్నాను. కరెంటొచ్చింది. యంత్రం లేచింది. మొదటి స్లిప్పు నిమిషంలో వచ్చింది. రెండోదీ అంతే. ఏడెనిమిది లారీలు జామ్మని వెళ్ళిపోయాయి. తరవాత మెల్లగా, మెల్లగా, మళ్ళీ కునికిపాట్లు.

విశ్రాంతి తీసుకుంటే తేరుకునే జబ్బు సాఫ్ట్‌వేర్‌కి ఉండదు. ఫైళ్ళు ముప్పావుగంట నిద్రపోతే చక్కబడవు. ఇది ఒంటికి వచ్చిన జబ్బు. నేను మూడు రోజులుగా దాని మనసుకి మందేస్తున్నాను.

లేచి స్టోర్సుకి నడిచాను. స్టోర్సు పెద్దాయన ఆదివారం చర్చిలో ఎంత నిష్ఠగా ఉంటారో మిగతా ఆరు రోజులూ రిజిస్టరు దగ్గర అంత నిష్ఠగా ఉంటారు. ఇండెంటు లేకుండా తాళంచెవి ఇవ్వలేనమ్మా అన్నారు. ఇండెంటు రాశాను. కారణం అన్న గడిలో ఏం రాయాలో తెలియక "చూడటానికి" అని రాశాను. ఆయన అది రెండుసార్లు చదివి, తాళంచెవితో పాటు తనూ వచ్చారు.

బీరువా తలుపు తీశాం. ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూత తీస్తే మొహానికి కొట్టే ఆవిరిలాంటి గాలి బయటికొచ్చింది. పెట్టె రేకు మీద చెయ్యి పెట్టీ పెట్టగానే వెనక్కి లాక్కున్నాను. స్విచ్చి కట్టి, మరలు విప్పి పక్క రేకు తొలగించాను. ప్రాసెసర్ మీద వేడి లాగేసే లోహపు పళ్ళుంటాయి, వాటి మీద చిన్న ఫ్యాను. ఆ రెంటికీ మధ్య, కొలిచి కత్తిరించినట్టు, ఒక గొంగళి ముక్క పరుచుకుని ఉంది. నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు పొరలు. బొగ్గు, ఖనిజం, మధ్యలో సముద్రపు తేమ జిగురు. ఫ్యాను తిరుగుతూనే ఉంది పాపం, గాలి మాత్రం కిందికి దిగడం లేదు.

ఆ కాలానికి వచ్చిన ప్రాసెసర్లు వేడి హద్దు దాటితే కాలిపోకుండా తమంతట తాము నెమ్మదిస్తాయి. చెడిపోయి కాదు, ప్రాణం కాపాడుకోవడానికి. పొద్దున్న రేకులు చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, ఎండెక్కాక నెమ్మదిస్తుంది, నా ఏసీ గదిలో బల్ల మీద గుర్రంలా పరిగెత్తుతుంది. ఇందులో మర్మం ఏమీ లేదు. పుస్తకంలో నేను చదివిందే. పైగా నేను రాసిన ప్రోగ్రాము ఒకటి, ఏ పనీ లేనప్పుడు కూడా ఎవరైనా కీ నొక్కారా, నొక్కారా అని ప్రాసెసర్‌ని క్షణానికి వేలసార్లు అడుగుతూ దాన్ని కూర్చోనివ్వదు. అది అలా రాయడం తప్పని అప్పటికే తెలుసు. తరవాత సరిచేద్దామనుకున్నాను.

స్టోర్సు పెద్దాయన వంగి చూసి, "దుమ్ము వెళ్ళకూడదనే కదమ్మా బీరువా చేయించింది?" అన్నారు.

"వెళ్ళింది," అన్నాను.

"మరి గాలి?"

ఆ బీరువా బొమ్మ గీసింది నేను. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కన్నాలకి లప్పం, "గాలి సైతం చొరబడని విధంగా" అన్న ముక్క, కింద సంతకం, అన్నీ నావే. ఆయన ఫైల్లో భద్రంగా ఉన్నాయి. బొగ్గు దుమ్ము మైదాకన్నా మెత్తన, సందు కనిపెట్టి వెళ్ళగలదు. చల్లగాలి అంత తెలివైనది కాదు.

ఇంకో ఇండెంటు రాసి రంగులేసే బ్రష్షు తీసుకున్నాను. గొంగళి ముక్క చెదరకుండా ఒకే పొరగా లేచొచ్చింది, కవర్లో పెట్టుకున్నాను. పళ్ళ మధ్య మిగిలింది బ్రష్షుతో దులిపాను. వడ్రంగిని పిలిచి బీరువా వెనక చెక్క కోయించి దోమతెర లాంటి జాలీ కొట్టించాను. సాయంత్రానికి అయిపోయింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, రేకులు పెనంలా కాలుతుంటే, స్లిప్పు నిమిషం తిరక్కుండా వచ్చింది. బయట వరస కరిగిపోయింది. ఒక డ్రైవరు, "ఇదీ మరి, సదువుకున్నోలు కూకుంటే ఇలగుంటాది" అన్నాడు. ఆ పొగడ్త విని నాకు మొదటిసారి సిగ్గేసింది.

విచారణకి ఇంకా నాలుగు రోజులుంది. మేనేజరు దగ్గరికెళ్ళి నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నారు. కంప్యూటర్ బాగుచేసినందుకు మెచ్చుకున్నారు. తరవాత, మీ రిపోర్టు మీద మేం చర్య తీసుకున్నాం కదమ్మా, ఇప్పుడు మీది తప్పంటే మా చర్య ఏమవుతుందీ అని అడిగారు.

"తప్పవుతుంది సార్," అన్నాను.

ఆయన నవ్వారు. అప్పుడు యంత్రం బాగుందేమో, తరవాత పాడైందేమో, మీరు బాగుచేశారు, అతని సంగతి వేరు, మీ సంగతి వేరు, ఎందుకు కలుపుతారు అన్నారు. రెండేళ్ళ పొరలు వారం రోజుల్లో పట్టవని చెప్పాను. కవరు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని పెన్నుతో కాస్త దూరం జరిపి, విచారణలో చెప్పుకోండి అన్నారు.

విచారణ రోజు హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. ఆయన, మేనేజరు, స్టోర్సు పెద్దాయన కమిటీ. ఆపరేటర్ ఇస్త్రీ చొక్కాతో గోడవారగా కుర్చీ చివర కూర్చున్నాడు. నావైపు చూడలేదు. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు.

నన్ను పిలిచి, ఈ రిపోర్టు మీదేనా అన్నారు. నాదే, తప్పు రాశాను అన్నాను. హెడ్డాఫీసు ఆయన, తప్పని ఇప్పుడెలా తెలిసింది, అప్పుడెందుకు తెలియలేదు అన్నారు. అప్పుడు ఏసీ గదిలో చూశానని చెప్పాను. వాళ్ళు కూర్చున్నదీ ఏసీ గదే. నామాట వాళ్ళకి ఎక్కడం లేదని అర్థమై, అందరూ కాటా గదికి రండి, చూపిస్తాను అన్నాను. పన్నెండయింది. బయట ఎండ చూసి ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. స్టోర్సు పెద్దాయన మొదట లేచారు. మిగతా ఇద్దరూ లేవక తప్పలేదు.

కాటా గదిలో అయిదుగురం. కవర్లోంచి గొంగళి ముక్క తీసి, పెట్టెలో అది ముందున్నచోటే పరిచాను. జాలీకి అట్ట అడ్డం పెట్టి, బీరువా తలుపు మూసి తాళం వేయించాను. ఆపరేటర్‌ని కుర్చీలో కూర్చోమన్నాను. కమిటీ వైపు చూశాడు, ఎవరూ వద్దనకపోతే కూర్చున్నాడు. రెండు వేళ్ళతో నంబరు కొట్టాడు. నిమిషంలో స్లిప్పు. ఇంకోటి, ఇంకోటి. నిజం చెప్పాలంటే కంప్యూటర్ కన్నా ముందు కమిటీ వేడెక్కింది. పావుగంటకే హెడ్డాఫీసు ఆయన టై వదులు చేసి, ఇంకా ఎంతసేపమ్మా అన్నారు. ఇక్కడ ఈయన రోజూ ఎనిమిది గంటలు కూర్చుంటాడు సార్, అన్నాను. ఇలాంటి మాటలు అనకపోతే నాకు ప్రమోషన్లు కాస్త ముందొచ్చేవేమో.

అరగంట దాటాక ఆపరేటర్ ఒక నంబరు కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర మీద అంకెలు ఒక్కొక్కటే, బద్ధకంగా, తరవాత పడ్డాయి. మేనేజరు తనే కుర్చీ లాక్కుని కూర్చుని కొట్టి చూశారు. ఆయనకీ అలాగే పడ్డాయి. తలుపు తీయించి, అట్ట లాగేసి, గొంగళి ముక్క తీసేశాను. టేబుల్ ఫ్యాను అటు తిప్పి కాసేపాగి మళ్ళీ కొట్టించాను. అంకెలు పరిగెత్తాయి.

ఆర్డరు వారానికి వచ్చింది. ఆరోపణ రుజువు కాలేదు, తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది, ఇకముందు జాగ్రత్తగా మెలగవలసిందిగా హెచ్చరించడమైనది. దేనికి జాగ్రత్త అని మేనేజరుతో గంట వాదించాను. అది మామూలుగా రాసే వాక్యమేనమ్మా, దానికి అర్థం ఉండదు అన్నారు. అర్థం లేని వాక్యం వల్లే కదా ఇదంతా వచ్చిందన్నాను. వాక్యం అలాగే ఉండిపోయింది. అదే కవర్లో నాకూ ఒక ఉత్తరం వచ్చింది, పాతబడిన కంప్యూటర్ వేగాన్ని సొంత చొరవతో పునరుద్ధరించినందుకు అభినందిస్తూ.

ఆర్డరు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన నిలబడే చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను దారంతా కూడబలుక్కున్న క్షమాపణ చెప్పాను. ఇంగ్లీషు ముక్కలు ఎక్కువైనట్టు నాకే అనిపించింది.

"బాగుంది మేడమ్," అన్నాడు. "గానీ ఈ కాయితం ఎవలు సదువుతారు? నన్ను దొంగన్నది ఆపీసులోన కాదు. అదిగో, లారీ స్టాండు టీ బడ్డీ కాడ. మా ఊరి బస్సులోన కూడా అన్నారు. మా వదిన అడిగింది, ఏటి మరిది, ఎంత తిన్నావని. నవ్వుతానే అడిగింది. మీరు ఆ బడ్డీ కాడికొచ్చి ఓ మాట సెప్పండి. సాలు."

మీటింగుల్లో ఎవరిమీదైనా లేచి పడగల దాన్ని, వెంటనే సరేనలేకపోయాను. రేపొస్తానన్నాను. ఆయన, రేపు నాకు డ్యూటీ ఉంది, ఇప్పుడు లేదు అన్నాడు.

రోడ్డు దాటి వెళ్ళాం. బడ్డీ దగ్గర పది పన్నెండు మంది డ్రైవర్లు బల్లల మీద ఉన్నారు. నన్ను చూసి ఒకరిద్దరు కాళ్ళు కిందికి దించారు. నేను ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. కంప్యూటర్ వేడెక్కి నెమ్మదించిందని, దానికి గాలాడకుండా బీరువాలో పెట్టించింది నేనేనని, సరిగా చూడకుండా యంత్రం బాగుందని రాసింది కూడా నేనేనని, ఈయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని, ఈయన ముందే కారణం చెప్తే వినలేదని చెప్పాను. లోపలి పళ్ళ గురించీ ఫ్యాను గురించీ కాస్త ఎక్కువ చెప్పినట్టున్నాను. బడ్డీవాడు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అందరూ విన్నారు. వెనక బల్ల మీద ఒక పెద్ద డ్రైవరు తల గోక్కుని, ఆ సిద్ధాంతం మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకడనుకుంటాను, అడిగాడు.

"అయితే డబ్బులెవలు తిన్నట్టు? మీరా మేడమ్?"

ఆపరేటర్ టీ గ్లాసు ఒకటి నా చేతికిచ్చి, రెండోది తను తీసుకుని, ఆయనవైపు తిరిగాడు.

"ఆవిడేటీ తిన్నేదురా బావా. ఆవిడికి తెలీనేదు, అంతే."

నా సర్వీసంతా ఏటా ఎవరో ఒక అధికారి నామీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాస్తూనే వచ్చారు. అంత క్లుప్తంగా, అంత సరిగ్గా ఎవరూ రాయలేదు.